రీల్‌కి 41 వేల వ్యూస్, హాల్లో 63 మంది: ఎక్కడ తప్పు జరుగుతోంది?

గ్రీన్‌రూమ్_గోడ
హైదరాబాద్‌లో మాదొక చిన్న నాటక బృందం. మొత్తం పదకొండు మందిమి. అందరం పగలు ఉద్యోగాలు చేసుకుని రాత్రి రిహార్సల్‌కి వచ్చేవాళ్లమే. ఇల్లు అమ్మకానికి పెట్టిన ఒక కుటుంబం కథ, గంటన్నర నాటకం. పోయిన నెల చిక్కడపల్లి వైపు 280 సీట్ల హాల్లో వేశాం. టికెట్ రూ.200.

ప్రచారమంతా ఇన్‌స్టాలో, ఫేస్‌బుక్‌లో చేశాం. మూడు పోస్టర్లు, ఐదు రీల్స్. ఒక రీల్‌కి 41 వేల వ్యూస్ వచ్చాయి. దాన్ని బూస్ట్ చేయడానికి, అంటే డబ్బు కట్టి ఇంకా ఎక్కువ మందికి చూపించడానికి, జేబులోంచి రూ.6,000 పెట్టాం. కామెంట్ల నిండా "సూపర్", "వెయిటింగ్", చప్పట్ల బొమ్మలు.

తెర లేవడానికి పది నిమిషాల ముందు మా హీరోయిన్ సందులోంచి హాల్లోకి చూసింది. వెనక్కి తిరిగి ఏమీ అనలేదు. వెళ్లి మళ్లీ అద్దం ముందు కూర్చుంది. హాల్లో ఉన్నది 63 మంది. అందులో ఇరవై మంది మా ఇళ్లవాళ్లే.

వచ్చే నెల రెండో శనివారం సాయంత్రం 6:30కి అదే హాల్లో మళ్లీ వేస్తున్నాం. హాలు అద్దె, లైట్లు, మైకులు, సెట్టు వ్యాను అన్నీ కలిపి 38 వేలు. ఈసారి కూడా ఇలాగే అయితే మూడో షో ఉండదు. 41 వేల మంది చూశారు కదా, వాళ్లలో మూడు వందల మంది ఎందుకు రాలేదు? నాటకం పేరు ఇక్కడ రాయడం లేదు, ప్రచారం అనుకుంటారని.

చిక్కడపల్లి_చక్రి
ఆ 41 వేల మందిలో హైదరాబాద్ వాళ్లు ఎంతమందో చూశారా?

తెనాలి_వాడు
ఫోన్లో బొమ్మ చూసి నాటకానికి ఎవరొస్తారండీ. గోడ మీద పోస్టర్, చేతిలో కరపత్రం, ఆటోకి మైకు. మా దగ్గర ఇప్పటికీ ఇదే నడుస్తోంది. 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టిన ఊరు మాది, నాటకానికి జనాన్ని ఎలా పిలవాలో మాకు తెలుసు.

రీచ్_లెక్కలు
@చిక్కడపల్లి_చక్రి అసలు ప్రశ్న అడిగారు. నేను డిజిటల్ మార్కెటింగ్‌లో పని చేస్తాను. గ్రీన్‌రూమ్ గారూ, మీది ప్రొఫెషనల్ అకౌంట్ అయితే ఇన్‌సైట్స్‌లోకి వెళ్లి ఏ ఊళ్లవాళ్లు చూశారో చూడండి. బూస్ట్ నొక్కినప్పుడు ప్రాంతం ఏం పెట్టారో కూడా చెప్పండి.

గ్రీన్‌రూమ్_గోడ
చూశాను. హైదరాబాద్ 19 శాతం. మిగతాది బెంగళూరు, విజయవాడ, చెన్నై, ఇంకా చిన్న చిన్న ఊళ్లు. బూస్ట్‌లో ప్రాంతం దగ్గర "ఆటోమేటిక్" అని ఉంటే అలాగే వదిలేశాం.

రీచ్_లెక్కలు
డబ్బు పోయింది అక్కడే. సినిమా ట్రైలర్ ఏ ఊళ్లో చూసినా ఆ ఊళ్లోనే థియేటర్ ఉంటుంది కాబట్టి సరిపోతుంది. మీ నాటకం ఆడేది ఒకే ఒక హాల్లో, ఒకే ఒక సాయంత్రం. చెన్నైలో ఉన్నాయనకి మీ రీల్ నచ్చితే గుండె బొమ్మ పెడతాడు, అంతకంటే ఆయన చేయగలిగింది లేదు.

ఈసారి బూస్ట్ బటన్ జోలికి పోకండి. యాడ్స్ మేనేజర్‌లోకి (ఇన్‌స్టా, ఫేస్‌బుక్ ప్రకటనలు పెట్టే చోటు) వెళ్లి హాలు అడ్రస్ దగ్గర పిన్ను పెట్టి చుట్టూ 10, 12 కిలోమీటర్లు తీసుకోండి. భాష తెలుగు. లక్ష్యం దగ్గర "ఎంగేజ్‌మెంట్" వద్దు, లింక్ నొక్కేవాళ్లు కావాలని ఎంచుకోండి. ఎంగేజ్‌మెంట్ అంటే లైకులు కొట్టే అలవాటున్న వాళ్లను వెతికి పట్టుకొస్తుంది. మీకు కావాల్సింది టికెట్ కొనే అలవాటున్న వాళ్లు. ఇంకొకటి, యాడ్ బిల్లు మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, బడ్జెట్ వేసుకునేటప్పుడు అది కూడా కలుపుకోండి.

మూడో_వరుస
నేను నాటకాలు వేయను, చూస్తాను. నెలకి ఒకటైనా చూస్తాను. మీలాంటి బృందాల పోస్టర్లు చూసి నేను ఎందుకు ఆగిపోతానో చెబుతాను.

పోస్టర్ మీద పెద్ద ముఖం, పొగ, ఎర్ర లైటు. నాటకం పేరు ముగ్గులో రాసినట్టు మెలికలు తిరిగి ఉంటుంది. సమర్పణ, రచన, దర్శకత్వం, సంగీతం, రంగాలంకరణ, ముఖ్య అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి అన్నీ ఉంటాయి. నేను వెతికేది ఎప్పుడు, ఎక్కడ, టికెట్ ఎంత, ఎంతసేపు, ఎనిమిదేళ్ల పాపని తీసుకురావచ్చా అని. ఇవి కింద చీమల బారులో ఉంటాయి, లేదా అసలే ఉండవు. మాది కూకట్‌పల్లి. మెట్రో ఎర్ర లైన్ ఎక్కి ఎంజీబీఎస్ స్టేషన్‌లో మారి ఆకుపచ్చ లైన్‌లో చిక్కడపల్లి దిగాలి. రాత్రి ఎన్నింటికి అయిపోతుందో తెలియకపోతే తిరుగు మెట్రో అందుతుందో లేదోనని టెన్షన్. "8:15కి ముగుస్తుంది, మెట్రో స్టేషన్ నుంచి నడిచి వచ్చేయొచ్చు" అని ఒక్క ముక్క రాయండి, నాలాంటివాళ్లు పదిమంది అదనంగా వస్తారు.

గ్రీన్‌రూమ్_గోడ
ఇప్పుడే మా పోస్టర్ తీసి చూశాను. ముగింపు టైం లేదు. టికెట్ ధర రీల్‌లో లేదు, పోస్టర్‌లో మాత్రమే ఉంది. అతిథుల పేర్లు ఐదు ఉన్నాయి.

చిక్కడపల్లి_చక్రి
అతిథుల పేర్లు తీసేస్తే అతిథులు రారు. వస్తే ఉపన్యాసం ఇస్తారు. రాకపోతే నాటకం టైంకి మొదలవుతుంది.

తెనాలి_వాడు
చక్రి గారు చెప్పింది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం 😀

వైజాగ్_వేదిక
మాకు ఇన్‌స్టా కంటే వాట్సాప్ పనికొచ్చింది. కానీ అక్కడా ఒక తప్పు చేశాం. 256 మందితో బ్రాడ్‌కాస్ట్ లిస్టు చేసి ఆహ్వానం పంపాం. అందరికీ వెళ్లిందనుకున్నాం. ఎవరి ఫోన్లో మన నెంబరు సేవ్ అయి ఉంటుందో వాళ్లకే ఆ మెసేజ్ చేరుతుందని తర్వాత తెలిసింది. పాత ప్రేక్షకుల నెంబర్లు మన దగ్గర ఉన్నాయి, మన నెంబరు వాళ్ల దగ్గర లేదు. సగం మందికి పైగా చేరలేదు.

ఇప్పుడు షో అయిపోయాక గుమ్మం దగ్గర ఒక క్యూఆర్ కోడ్ పెడుతున్నాం. దాన్ని స్కాన్ చేస్తే మా వాట్సాప్ కమ్యూనిటీలో చేరతారు. షోకి ఒకటి, గుర్తు చేయడానికి ఒకటి, రెండే మెసేజులు. గుడ్ మార్నింగులు లేవు. అందుకే ఎవరూ బయటకి పోవడం లేదు.

నందిగామ_నాగరత్నం
గుడ్ మార్నింగ్ పెట్టకపోవడం మంచి పని.

హార్మోనిస్టు_మనవడు
తెనాలి వాడు గారి మాటతో సగం ఏకీభవిస్తాను. మా తాతగారు పద్య నాటకాలకి హార్మోనియం వాయించేవారు. ఆయన ట్రంకు పెట్టెలో కరపత్రాలు ఇప్పటికీ ఉన్నాయి. గులాబీ రంగు కాగితం, అంచులు చెదలు కొట్టేశాయి. వాటి మీద నాటకం పేరు ఎక్కడో పైన చిన్నగా ఉంటుంది. పెద్ద అక్షరాలతో ఉండేది నటుల పేర్లు. 1వ కృష్ణుడు ఫలానా, 2వ కృష్ణుడు ఫలానా, అర్జునుడు ఫలానా. పక్కనే వాళ్ల ఊరు. కింద హార్మోనిస్టు పేరు. కథ అందరికీ తెలిసిందే. రాయబారం సీను ఎవరు పాడతారు, ఎవరి గొంతు ఎంతసేపు నిలుస్తుంది, అదీ జనానికి కావాల్సింది. ఆ ఫలానా ఆయన పక్క ఊరివాడైతే ఆ ఊరు ఊరంతా బండ్లు కట్టుకుని వచ్చేది.

అంటే కరపత్రం పని చేసింది కాగితం కావడం వల్ల కాదు. దాని మీద తెలిసిన మనిషి పేరు ఉండటం వల్ల. గ్రీన్‌రూమ్ గారూ, మీ రీల్‌లో ఏముంది?

గ్రీన్‌రూమ్_గోడ
నాటకంలో క్లైమాక్స్‌కి ముందు గొడవ సీను. మొబైల్‌తో తీసి స్లో మోషన్ పెట్టి వెనకాల సంగీతం వేశాం. మాటలు వినిపించవు.

హార్మోనిస్టు_మనవడు
నాటకం అంటేనే మాట కదండీ. మాట తీసేసి ఏం చూపించారు?

రీచ్_లెక్కలు
ఇంకో మాట. వెనకాల వేసింది సినిమా పాట అయితే జాగ్రత్త. బిజినెస్ అకౌంట్లకి సినిమా పాటలు వాడుకునే హక్కు ఉండదు, రీల్‌కి శబ్దం పోవచ్చు, యాడ్‌గా నడపడానికీ అభ్యంతరం వస్తుంది. మీ నటుడి గొంతే పెట్టుకోండి, సినిమా పాట గొడవ ఉండదు.

పాసులు_వద్దు
నా మాట కొంచెం కటువుగా ఉంటుంది. ప్రచారం లోపం కాదు ఇది. తెలుగు నాటకానికి టికెట్ కొనే అలవాటు మనమే చంపేశాం. యాభై ఏళ్లుగా "అందరికీ ఆహ్వానం, ప్రవేశం ఉచితం" అన్నాం. ఇప్పుడు 200 పెడితే జనం "పాసులు ఉన్నాయా" అంటున్నారు. మాకు నిన్నగాక మొన్న ఒకాయన ఫోన్ చేశాడు. కారులో వస్తాడట, డ్రైవర్‌కి కూడా పాసు కావాలట.

మూడో_వరుస
@పాసులు_వద్దు అంత మాట అనకండి. నేను టికెట్ కొనే వెళ్తాను. బంజారాహిల్స్ లామకాన్‌లో అయినా, ఇంకెక్కడైనా. ఇంగ్లిష్, హిందీ నాటకాలకి రూ.300, 400 ఇచ్చి వస్తున్న జనంలో సగం మంది తెలుగువాళ్లే. వాళ్లకి తెలుగు నాటకం కబురు చేరడం లేదు.

పాసులు_వద్దు
చేరినా రారు. సురభి నాటక సమాజం వాళ్లు 1885 నుంచి ఆడుతున్నారు, నీళ్లలోంచి మనుషులు లేస్తారు, గాలిలో ఎగురుతారు. వాళ్లకే టికెట్ అమ్మడం కష్టంగా ఉందంటే మనమెంత.

హార్మోనిస్టు_మనవడు
సురభి గురించి ఒకటి గమనించండి. వాళ్ల ట్రిక్ సీన్లు ప్రేక్షకులు తీసిన చిన్న చిన్న వీడియోలుగా ఎంత తిరుగుతాయో. సెల్‌ఫోన్ పట్టుకుని పిల్లలు "ఇది గ్రాఫిక్సా?" అని అడుగుతారు. కాదు, ఎదురుగా జరిగింది అని చెబితే చూడాలంటారు. మా అబ్బాయి అలాగే అడిగి నన్ను తీసుకెళ్లాడు. ఆ వీడియో పెట్టింది సురభి వాళ్లు కాదు, ఎవరో చూసొచ్చిన తండ్రి.

డల్లాస్_దుర్గ
ఇక్కడ మేము ఏడాదికి ఒక తెలుగు నాటకం వేస్తాం. 400 సీట్లు, రెండేళ్లుగా నిండుతున్నాయి. మాకు ఇన్‌స్టా ఫాలోవర్లు 300 కూడా లేరు. ఎలా నిండిందంటే, నాటకంలో పిల్లల పాత్రలు ఆరు పెట్టాం 😀 ఆరుగురు పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, ఇండియా నుంచి వచ్చి ఉన్న తాతయ్యలు నాయనమ్మలు, వాళ్ల అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులు.

సరదాకి చెప్పినా అసలు విషయం మాత్రం నిజమే. ఒక్కో నటుడికి ఒక్కో పోస్టర్ చేయించాం. బృందం పోస్టర్ ఎవరూ ఫార్వర్డ్ చేయరు, తన ముఖం ఉన్నది ప్రతివాళ్లూ స్టేటస్ పెట్టుకుంటారు. దాన్నే వాళ్ల ఆఫీసు వాళ్లు, కాలేజీ వాళ్లు చూస్తారు. స్టేటస్ 24 గంటలే ఉంటుంది కాబట్టి పది రోజుల ముందు ఒకటి, మూడు రోజుల ముందు ఒకటి, ఆ రోజు పొద్దున ఒకటి.

పాసులు_వద్దు
అది చుట్టాల నాటకం అవుతుంది దుర్గ గారూ, ప్రేక్షకుల నాటకం కాదు. గ్రీన్‌రూమ్ గారు చెప్పిన 63లో 20 మంది చుట్టాలే కదా.

డల్లాస్_దుర్గ
మొదటి ఏడు చుట్టాలే. రెండో ఏడు చుట్టాల స్నేహితులు. ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి కదండీ. అయినా మన ఊళ్లలో నాటకాలు మొదలైంది కూడా చుట్టుపక్కల వాళ్లతోనే.

తెనాలి_వాడు
@డల్లాస్_దుర్గ ఈ మాట నాకు నచ్చింది. మా పరిషత్తు పోటీల్లో నాటిక ఆడటానికి ఒక జట్టు వస్తే ఆ ఊరి నుంచి ఒక వ్యాను వస్తుంది.

పోస్టర్లు, కరపత్రాలు మానొద్దని మాత్రం మళ్లీ చెబుతున్నా. మీ హాలు చుట్టూ టిఫిన్ సెంటర్లు, పుస్తకాల షాపులు, లైబ్రరీ ఉంటాయి కదా. సాయంత్రం అక్కడ కూర్చునే పెద్దవాళ్లకి ఇన్‌స్టా లేదు. తీరిక ఉంది, నాటకం మీద మమకారం ఉంది.

చిక్కడపల్లి_చక్రి
మా గల్లీలో ఆ పెద్దలందరికీ ఇన్‌స్టా ఉంది. రోజంతా రీల్సే. మా మామయ్య పంపే రీల్స్‌తోనే నా ఫోన్ నిండిపోయింది.

ఫుడ్_వ్లాగ్_బాధితుడు
మా అనుభవం చెబుతాను, మీరు మాత్రం ఇలా చేయకండి. మేము ఒక ఇన్‌ఫ్లుయెన్సర్‌కి రూ.15,000 ఇచ్చాం. లక్షన్నర ఫాలోవర్లు. తిండి వీడియోలు చేస్తాడు. రిహార్సల్‌కి వచ్చాడు, మేము తెప్పించిన మిర్చి బజ్జీ బాగుందని రెండు నిమిషాలు మాట్లాడాడు. నాటకం గురించి ఇరవై సెకన్లు. ఆ వీడియో కింద కామెంట్లన్నీ "బజ్జీ ఎక్కడ దొరుకుతుంది బ్రో?" అనే. టికెట్లు నాలుగు అమ్ముడయ్యాయి.

తర్వాత షోకి ఒక లెక్చరర్ మేడంని పిలిచాం. ఆవిడ ఫేస్‌బుక్‌లో పుస్తకాల గురించి రాస్తారు, స్నేహితులు మూడు వేల మంది ఉంటారేమో. డబ్బు తీసుకోలేదు. రిహార్సల్ చూసి, నచ్చింది ఏంటో నచ్చనిది ఏంటో ఒక పేజీ రాశారు. దానికి 37 టికెట్లు. ఎలా తెలుసంటే ఆవిడ పోస్టుకి విడిగా ఒక కోడ్ ఇచ్చాం.

రీచ్_లెక్కలు
"నచ్చనిది ఏంటో" కూడా రాయడం వల్లే అది పని చేసింది. అలా రాసిన మనిషి మాటని జనం నమ్ముతారు.

ఇన్‌స్టాలో అలాంటివాళ్లు దొరికితే "కొలాబ్" పోస్టు పెట్టించండి. ఒకే పోస్టు ఇద్దరి పేజీల్లోనూ కనిపిస్తుంది. క్యాప్షన్‌లో లింక్ పెడితే నొక్కడానికి రాదు, చాలామందికి తెలియక అక్కడే పెడుతుంటారు. బయోలో పెట్టాలి, లేదా స్టోరీలో లింక్ స్టిక్కర్ వేయాలి.

గ్రీన్‌రూమ్_గోడ
లింక్ క్యాప్షన్‌లోనే పెట్టాం. ఐదు రీల్స్‌కీ.

మైక్_టెస్టింగ్
నాటకం మొత్తం వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టేయండి. బాగుంటే జనమే వస్తారు.

పాసులు_వద్దు
వద్దు! అంతా అక్కడే ఉంటే హాలుకి ఎవడొస్తాడు?

హార్మోనిస్టు_మనవడు
పద్య నాటకానికీ, సాంఘికానికీ ఇక్కడ తేడా ఉంది. పద్య నాటకాలకి యూట్యూబ్ అన్నం పెడుతోంది. శివరాత్రికో, జాతరకో నాటకం పెట్టించే ఊరి పెద్దలు ముందు వీడియోలు చూస్తారు. "ఈ కృష్ణుడు కావాలి, ఈ నక్షత్రకుడు కావాలి" అని పేరు పెట్టి అడుగుతారు. మా చిన్నాన్నకి అలాగే మూడు ఊళ్ల నుంచి పిలుపులు వచ్చాయి. కథ తెలిసినా, పద్యం వందసార్లు విన్నా, మళ్లీ ఎదురుగా వినాలనిపిస్తుంది కాబట్టి వీడియో అడ్డం రాదు.

సాంఘిక నాటకంలో ముగింపు తెలియకపోవడమే బలం. దాన్ని పెట్టేస్తే పోయినట్టే. పైగా ఒకే కెమెరా వెనకాల పెట్టి తీస్తే మాటలు బావిలోంచి వచ్చినట్టు ఉంటాయి. అది చూసి రావాలనుకున్న వాడు కూడా ఆగిపోతాడు.

వైజాగ్_వేదిక
మొత్తం కాకుండా మొదటి నాలుగు నిమిషాలు పెట్టండి. చొక్కాకి చిన్న మైకు తగిలించి, మాట స్పష్టంగా వినపడేలా. మేము కళాభారతిలో వేసినప్పుడు అలా చేశాం. "తర్వాత ఏమైంది?" అని నలుగురు కామెంట్ పెట్టారు. వాళ్లకి టికెట్ లింక్ పంపాం, ముగ్గురు వచ్చారు. కామెంట్ పెట్టిన ప్రతివాళ్లకీ జవాబు ఇవ్వండి. "వెయిటింగ్" అన్నవాళ్లని "శనివారం వస్తున్నారా?" అని అడగండి.

గ్రీన్‌రూమ్_గోడ
మా పెద్దాయన ఒకరున్నారు. ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరయ్యారు, నాటకంలో తాత వేషం. ఇంట్లో వంటగదిలో నిలబడి డైలాగులు చెప్పుకుంటారు. ఆంటీ చిక్కుడుకాయలు వలుస్తూ స్క్రిప్టు చూసి తప్పులు చెబుతుంటారు. నిన్న వాళ్లింటికి వెళ్లినప్పుడు ఫోన్లో తీశాను. ఆయన "ఈ గుమ్మం నేను ఎత్తు తగ్గించమన్నాను, మీ నాయనమ్మ తల తగులుతోందని" అంటారు. ఆంటీ తల ఎత్తకుండా "తగ్గించమన్నాను కాదు, తగ్గించమని చెప్పాను" అని సరిదిద్దారు. ఆయన మళ్లీ మొదటినుంచి చెప్పారు. 48 సెకన్లు. లైటింగ్ లేదు, కుక్కర్ విజిల్ కూడా ఉంది. ఇది పెట్టవచ్చా?

హార్మోనిస్టు_మనవడు
ఇప్పుడే పెట్టండి.

డల్లాస్_దుర్గ
విజిల్ తీయకండి!!

మూడో_వరుస
ఆంటీకి చెప్పి, ఆవిడ సరే అంటేనే పెట్టండి. చివర మూడు సెకన్లు తేదీ, హాలు, రూ.200, "8:15కి ముగుస్తుంది" అని తెలుగులో పెద్ద అక్షరాలతో వేయండి. చాలామంది శబ్దం లేకుండా చూస్తారు కాబట్టి డైలాగులు కింద తెలుగులో అక్షరాలుగా వేయండి.

రీచ్_లెక్కలు
ధర విషయంలో ఒకటి. నాటకం టికెట్ రూ.500 లోపు ఉంటే దాని మీద జీఎస్టీ మినహాయింపు ఉంది. ఆన్‌లైన్ బుకింగ్ సైట్లు వేసే ఫీజు మాత్రం విడిగా పడుతుంది. 200 టికెట్ చివరికి 230 కనిపిస్తే కొందరు అక్కడే ఆగిపోతారు. సైటుతో పాటు యూపీఐ నెంబరు కూడా ఇవ్వండి. డబ్బు పంపి స్క్రీన్‌షాట్ పెడితే పేరు రాసుకుంటామని చెప్పండి.

నందిగామ_నాగరత్నం
ఏప్రిల్ 16 తెలుగు నాటకరంగ దినోత్సవం కదా, వీరేశలింగం గారి పుట్టినరోజు. షో ఆ రోజుకి మార్చుకుంటే పేపర్లు, టీవీలు కూడా పట్టించుకుంటాయి.

తెనాలి_వాడు
ఆ రోజు ప్రతి ఊళ్లో ఏదో ఒక సభ ఉంటుంది. నటులందరూ సన్మానాల్లో ఉంటారు, ప్రేక్షకులు కూడా వాళ్లే. మార్చి 27 ప్రపంచ రంగస్థల దినోత్సవం కూడా అంతే. మామూలు శనివారమే మంచిది.

ఫుడ్_వ్లాగ్_బాధితుడు
తెనాలి వాడు గారు ఈ థ్రెడ్‌లో మొదటిసారి మార్కెటింగ్ సలహా ఇచ్చారు.

తెనాలి_వాడు
మొదటి పోస్టులో ఇచ్చింది కూడా మార్కెటింగేనండీ.

గ్రీన్‌రూమ్_గోడ
(మూడు వారాల తర్వాత)
అందరికీ రిపోర్టు ఇస్తానని అనుకున్నాను. నిన్న షో అయింది. రాత్రి నిద్ర పట్టలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

వంటగది వీడియో ఆంటీ ఒప్పుకున్నాకే పెట్టాం. వ్యూస్ 9 వేలు. పాత దాంట్లో పావు వంతు కూడా లేవు. కానీ దాన్ని మా పెద్దాయన తన డిపో వాళ్ల వాట్సాప్ గ్రూపులో వేశారు. వాళ్లు ఇంకో రెండు డిపోల వాళ్లకి పంపారు. పోస్టర్ మళ్లీ చేశాం, అతిథుల పేర్లు తీసేశాం, ముగింపు టైం, మెట్రో స్టేషన్ పేరు పెట్టాం. పదకొండు మందికి పదకొండు విడి పోస్టర్లు చేశాం. యాడ్‌కి రూ.2,500, హాలు చుట్టూ 12 కిలోమీటర్లే. తెనాలి వాడు గారి మాట మీద 500 కరపత్రాలు కూడా కొట్టించి టిఫిన్ సెంటర్ల దగ్గర, లైబ్రరీ దగ్గర ఇచ్చాం.

హాల్లో 214 మంది. టికెట్ చింపేటప్పుడు మా అమ్మాయి ఒక నోట్‌బుక్ పెట్టుకుని ప్రతివాళ్లనీ ఎలా తెలిసిందని అడిగింది. తెలిసినవాళ్లు పంపిన వాట్సాప్ 121. ఇన్‌స్టా, ఫేస్‌బుక్ 44. కరపత్రం 17. పోయినసారి చూసి మళ్లీ ఇంకొకరిని తీసుకొచ్చినవాళ్లు 26. మిగతా ఆరుగురు హాలు ముందు నుంచి వెళ్తూ జనాన్ని చూసి లోపలికి వచ్చారు.

డిపో వాళ్లు 31 మంది వచ్చారు. వెనక రెండు వరుసలూ వాళ్లే. పెద్దాయన గుమ్మం డైలాగు చెప్పగానే ఒకాయన గట్టిగా "రైట్ రైట్!" అన్నాడు. హాలంతా నవ్వింది. పెద్దాయన ఆగలేదు, పాత్రలోంచి బయటకి రాలేదు, తర్వాతి మాటకి మాత్రం గొంతు కాస్త వణికింది. ఆంటీ మొదటి వరుసలో ఉన్నారు. ఆయన చెబుతున్నంతసేపూ ఆవిడ పెదాలు కదులుతూనే ఉన్నాయి.

హార్మోనిస్టు_మనవడు
"రైట్ రైట్" అంటే వన్స్‌మోరే కదండీ.

పాసులు_వద్దు
214లో పాసులు ఎన్ని?

గ్రీన్‌రూమ్_గోడ
సున్నా. మా ఇంట్లోవాళ్లు కూడా కొన్నారు. వసూలు రూ.42,800. హాలు, లైట్లు, వ్యాను 38 వేలు, యాడ్ జీఎస్టీతో కలిపి 2,950, కరపత్రాలు 1,200. చేతిలో 650 మిగిలింది. దాంతో అందరం రాత్రి ఇడ్లీ తిన్నాం.

పాసులు_వద్దు
అయితే నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. చుట్టాల నాటకం అన్న మాట కూడా.

రీచ్_లెక్కలు
44లో యాడ్ నుంచి వచ్చినవాళ్లు ఎందరో, మామూలు రీల్ నుంచి వచ్చినవాళ్లు ఎందరో విడిగా తెలిస్తే బాగుండేది. ఈసారి యాడ్‌కి వేరే లింక్ ఇవ్వండి. షో అయ్యాక ఫొటోలు తీసుకోమన్నారా?

గ్రీన్‌రూమ్_గోడ
చెప్పాం. నాటకం నడుస్తున్నప్పుడు వద్దు, చివర అందరం వేదిక మీదకి వచ్చినప్పుడు తీసుకోండి, మీకు ఏమనిపించిందో రెండు మాటలు రాయండి అన్నాం. పొద్దున్నుంచి 38 పోస్టులు చూశాను. ఒకావిడ రెండో అంకం సాగదీశారని రాసింది. ఆ కామెంట్ తీసేయమని మా రచయిత అంటున్నాడు.

మూడో_వరుస
తీయకండి. నేను కూడా వచ్చాను నిన్న, ఆరో వరుసలో కూర్చున్నాను. రెండో అంకంలో ఆ లాయరు సీను నిజంగానే పొడుగు. తిరుగు మెట్రో మాత్రం హాయిగా అందింది, థాంక్స్.

గ్రీన్‌రూమ్_గోడ
మీరు వచ్చారా! పలకరించాల్సింది కదండీ. లాయరు సీను సంగతి ఇవాళ రాత్రి మాట్లాడుకుంటాం.

తెనాలి_వాడు
మా ఊళ్లో ఎప్పుడు వేస్తారు? హాలు నేను చూస్తాను. కరపత్రాలు నేను కొట్టిస్తాను. ఆ వంటగది వీడియో ఒకటి నాకు పంపండి, మా గ్రూపులో వేయాలి.

చిక్కడపల్లి_చక్రి
తెనాలి వాడు గారికి వాట్సాప్ గ్రూపు ఉందా?

తెనాలి_వాడు
నాలుగున్నాయి. ఒకదాంట్లో 800 మంది.